పిట్ట కన్నా ముందు వెలుగును వెతకండి

పిట్టల ఫోటోలు మొదలుపెట్టిన ప్రతివారికీ మొదట్లో ఉండే తపన ఒక్కటే, పిట్ట ఇంకా దగ్గరగా కనిపించాలని. పెద్ద లెన్స్ కావాలనిపిస్తుంది. దొరికిన ప్రతి పిట్టనూ ఫ్రేమ్ నిండా నింపేయాలనిపిస్తుంది. కొన్నేళ్లు నేనూ అలాగే తీశాను. ఒక రోజు పొద్దున్నే చెరువు పడమటి గట్టున నిలబడి తెల్లకొంగను తీస్తున్నాను. ఎండ సూటిగా నా కళ్లలోకి కొడుతోంది. ఫోటోల్లో కొంగ బూడిదరంగు ముద్దలా వస్తోంది. చివరికి కెమెరా సర్దుకుని, గట్టు చుట్టూ నడిచి తూర్పు వైపుకు చేరాను. పావుగంట పట్టింది. కొంగ మాత్రం ఉన్నచోటే ఉంది. అక్కడి నుంచి చూస్తే దాని మెడ మీది సన్నని ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి, కంట్లో మెరుపు కనిపించింది, వెనక నీడలో ఉన్న చెట్లు ముదురు ఆకుపచ్చ తెరలా పరుచుకున్నాయి. కెమెరా మారలేదు, లెన్స్ మారలేదు, పిట్టా మారలేదు. మారింది నేను నిలబడ్డ చోటు ఒక్కటే.

అందుకే ఇక్కడ చెప్పేవన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఎక్కడ కూర్చోవాలి?

ముందుగా ఎండ, గాలి చూసుకోండి

సూర్యుడు ఉదయించడానికి అరగంట ముందే చోటుకు చేరండి. ఉదయించిన తర్వాత గంట, గంటన్నర, మళ్లీ అస్తమించే ముందు అంతే సమయం. మంచి ఫోటోల్లో ఎక్కువ భాగం ఈ రెండు వేళల్లోనే పుడతాయి. కారణం ఎండ రంగు ఒక్కటే కాదు, ఎండ వచ్చే ఎత్తు కూడా. కిందుగా ఉన్న సూర్యుడి వెలుగు పిట్ట ముఖం మీద, రొమ్ము మీద, పొట్ట కింద కూడా పడుతుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తి నుంచి దిగుతుంది కాబట్టి వీపు తెల్లగా మాడిపోతుంది, పొట్ట నల్లబడుతుంది, కన్ను నీడలోకి పోతుంది.

రంగు సంగతి కూడా చిన్నదేమీ కాదు. వెలుగు రంగును కెల్విన్ అనే కొలతలో చెబుతారు, అంకె తగ్గిన కొద్దీ రంగు బంగారు ఛాయకు తిరుగుతుంది. మధ్యాహ్నపు వెలుగు సుమారు 5500 కెల్విన్ ఉంటే, సూర్యోదయ వేళ అది 3000 దగ్గరికి దిగుతుంది, అంటే బాగా బంగారు ఛాయ. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు రంగుకు తగ్గట్టు ఫోటో రంగును సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలేస్తే ఒక్కోసారి అది ఆ బంగారాన్ని ‘సరిదిద్ది’ తెల్లగా మార్చేస్తుంది. డేలైట్ మీద పెట్టండి. రా ఫైల్‌లో, అంటే కెమెరా పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైల్‌లో తీస్తే తర్వాత కూడా మార్చుకోవచ్చు.

ఎండ దిశ తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, మీ నీడ చాలు. నీడ పిట్ట వైపు చాపుకుని ఉంటే ఎండ మీ వెనక నుంచి వస్తోందన్నమాట. మొదట్లో ఇదే పట్టుకోండి: నీడ కొస పిట్టను చూపించే వరకు అటూ ఇటూ జరగండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి పొద్దున కుదిరిన చోటు రెండు గంటల తర్వాత కుదరదు. అప్పుడప్పుడు నీడ వంక చూసుకుంటూ ఉండండి.

చాలామంది పట్టించుకోనిది గాలి. పిట్టలు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఒడ్డున ఊరికే నిలబడ్డప్పుడు కూడా చాలావరకు గాలికి ఎదురు తిరిగే ఉంటాయి, లేకపోతే ఈకలు రేగిపోతాయి. దీన్నిబట్టి ఒక లెక్క వేసుకోవచ్చు. గాలి మీ వెనక నుంచి వీస్తుంటే పిట్టలు మీ వైపు మొహం పెట్టి వస్తాయి. ఎండా గాలీ రెండూ మీ వెనకే ఉన్న ఉదయం దొరికితే ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్లకండి, అక్కడే కూర్చోండి. ఎండ వెనక, గాలి ఎదురు అయితే వెలుగు ఎంత బాగున్నా ఎక్కువగా తోకలే దొరుకుతాయి. అలాంటి రోజున ఎగిరే పిట్టల మీద ఆశ పెట్టుకోకుండా కొమ్మ మీద కూర్చున్న వాటి మీద పని చేయడం మేలు.

పిట్ట వెనక ఏముందో చూడండి

చోటు ఎంచుకునేటప్పుడు నేను పిట్ట కన్నా ముందు దాని వెనక చూస్తాను. పిట్ట ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. ఒక ఎండుకొమ్మ ఉంది, లకుముకి పిట్ట దాని మీదికి పదే పదే వస్తోంది అనుకోండి. ముందు ఖాళీ కొమ్మనే ఫోటో తీసి చూడండి. వెనక తెల్లటి ఆకాశం ముక్క, మెరిసే ఆకు, అడ్డంగా పోయే పుల్ల ఏదైనా కనిపిస్తోందా? ఖాళీ కొమ్మ ఫోటోలోనే చికాకుగా ఉన్నది పిట్ట వచ్చి కూర్చున్నంత మాత్రాన పోదు. చూసేవారి కన్ను ముందుగా ఫ్రేమ్‌లో అన్నిటికన్నా తెల్లగా ఉన్నచోటికే వెళ్తుంది. అది పిట్ట కాకపోతే ఫోటో అక్కడే చెడింది.

నేపథ్యం మెత్తగా కరిగిపోవడం లెన్స్ మహిమ అని చాలామంది అనుకుంటారు. లెన్స్‌కి వాటా ఉంది, నిజమే. కానీ దూరాలది అంతకన్నా పెద్ద వాటా. మీకూ పిట్టకూ మధ్య దూరం తక్కువగా, పిట్టకూ వెనకున్న చెట్లకూ మధ్య దూరం ఎక్కువగా ఉండాలి. పిట్ట 8 మీటర్లలో, చెట్లు దాని వెనక ఇంకో 30 మీటర్లలో ఉంటే మామూలు జూమ్ లెన్స్‌తో కూడా నున్నటి రంగుతెర వస్తుంది. పిట్ట పొదకు ఆనుకుని ఉంటే ఎంత గొప్ప లెన్స్ పెట్టినా ఆకులు ఆకుల్లాగే కనిపిస్తాయి.

ఒక్క అడుగు పక్కకు వేయడం ఇక్కడ చేసే మేలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దూరంగా ఉన్న నేపథ్యం, మీరు కాస్త జరిగినా చాలా జరిగినట్టు కనిపిస్తుంది. పిట్ట తలలోంచి మొలిచినట్టున్న పుల్ల, మెడను కోసేస్తున్నట్టున్న గట్టు గీత ఇలాంటివన్నీ అర అడుగు కదలికతో తప్పుకుంటాయి. అందుకే పిట్ట కనిపించగానే నాలుగు ఫోటోలు తీసుకున్నా, ఆ తర్వాత కన్ను ఫ్రేమ్ నాలుగు అంచుల చుట్టూ ఒకసారి తిప్పి, అవసరమైతే జరగండి.

కిందికి దిగండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే, అందరూ బద్ధకించేదీ ఇదే. నేల మీద తిరిగే పిట్టను నిలబడి తీయకండి. పడుకోండి.

ఎందుకో లెక్కేసి చూద్దాం. బురద ఒడ్డున ఒక ఉల్లంకి పిట్ట మీకు 10 మీటర్ల దూరంలో ఉంది, దాని కన్ను నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. మీరు నిలబడి 1.5 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే, దాని తల మీదుగా పోయే మీ చూపు సుమారు 1.1 మీటర్ల వెనక నేలను తాకుతుంది. అంటే పిట్ట తల వెనక కనిపించేది మీటరు దూరంలోని బురదే. గడ్డీ రాళ్లూ అన్నీ గుర్తుపట్టేలా ఉంటాయి. ఇప్పుడు పడుకుని లెన్స్‌ను 25 సెంటీమీటర్ల ఎత్తుకు దించండి. అదే చూపు ఇప్పుడు పిట్ట వెనక 15 మీటర్ల దాకా పోయి గానీ నేలను తాకదు. మీరు లెన్స్ మార్చలేదు, ఒక్క అంకె మార్చలేదు, కానీ నేపథ్యం ఒకటింబావు మీటరు కూడా లేనిది పదిహేను మీటర్ల వెనక్కి పోయింది.

ఇది సాంకేతిక లాభం. దీనికి మించిన లాభం ఇంకొకటుంది. పైనుంచి తీసిన పిట్ట చిన్నదిగా, మనం వంగి చూస్తున్న వస్తువులా కనిపిస్తుంది. దాని కంటి ఎత్తులోంచి తీస్తే అది తన లోకంలో తాను బతుకుతున్నట్టు కనిపిస్తుంది. చూసేవారికి ఎందుకో తెలియకుండానే ఆ ఫోటో దగ్గర ఆగుతారు.

పడుకునే వీలు లేకపోతే మోకాళ్ల మీద కూర్చోండి. స్క్రీన్ తిరిగే కెమెరా అయితే దాన్ని నేలకు ఆనించి పైనుంచి చూస్తూ తీయవచ్చు. చెట్టు పైన ఉన్న పిట్టకు ఇదే సూత్రం తిరగబడుతుంది. చెట్టు కిందికి వెళ్లి తల ఎత్తితే పొట్ట, ఆకాశం తప్ప ఏమీ రావు. వెనక్కి నడవండి. దూరం పెరిగిన కొద్దీ కోణం తగ్గుతుంది. పిట్ట చిన్నదవుతుంది, కానీ ఫోటో బాగుపడుతుంది. మిట్ట దొరికితే ఎక్కండి.

దగ్గరికి వెళ్లేటప్పుడు సూటిగా పిట్ట మీదికి నడవకండి, ఏటవాలుగా, ఆగుతూ ఆగుతూ వెళ్లండి. అది తినడం ఆపి మెడ నిక్కించి మిమ్మల్నే చూస్తోందంటే మీరు హద్దు దాటారు, కాసేపు ఆగండి లేదా వెనక్కి జరగండి. ఇంకా మంచిది, అది నడుస్తున్న దారి గమనించి ముందే వెళ్లి పడుకోవడం. నీటి అంచున మేసే పిట్టలు అంచు వెంబడే వస్తాయి. కదలకుండా ఉన్నవాడి దగ్గరికి అవే వస్తాయి. గూళ్ల దగ్గరికి వెళ్లడం, రికార్డు చేసిన కూతలు వినిపించి రప్పించడం, రాత్రి గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం మాత్రం చేయకండి. గూటి దగ్గర మనిషి గడిపే పది నిమిషాలు గుడ్లను చల్లారనివ్వవచ్చు, కాకులకు దారి చూపించవచ్చు. ఏ ఫోటో కూడా అంత ఖరీదు చేయదు.

వెలుగును కొలవండి

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్‌కు పిట్ట తెలియదు. కనిపించినదంతా కలిపి మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ముదురు చెట్ల ముందు చిన్నగా తెల్లకొంగ ఉంటే, చీకటి ఎక్కువ ఉందనుకుని కెమెరా వెలుగు పెంచుతుంది, కొంగ ఈకల వివరం పోయి తెల్ల కాగితంలా అవుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్‌ల దాకా తగ్గించండి. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం. తెల్లటి ఆకాశం ముందు కాకి కూర్చుంటే సరిగ్గా దీనికి విరుద్ధం, ఒకటి నుంచి రెండు స్టాప్‌లు పెంచాలి.

ప్రతిసారీ ఇలా కూడికలు తీసివేతలు చేసుకోవడం కష్టమనిపిస్తే సెట్టింగులన్నీ మీరే పెట్టుకునే మాన్యువల్ మోడ్ నేర్చుకోండి. ఎండ స్థిరంగా ఉన్నప్పుడు పిట్ట మీద పడే వెలుగు మారదు, మారేది వెనకున్నదే. చెట్ల ముందు నుంచి ఆకాశంలోకి ఎగిరిన పిట్టకు సెట్టింగ్ మార్చాల్సిన అవసరం నిజానికి లేదు, కానీ ఆటోలో ఉంటే కెమెరా మారుస్తుంది, ఫోటో పాడవుతుంది. పూర్తి ఎండలో మొదలుపెట్టడానికి ఒక పాత కొలత ఉంది: ఎఫ్ 16 దగ్గర షట్టర్ వేగం ఐఎస్ఓకు సమానం. (ఎఫ్ అంటే లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుగుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె.) ఐఎస్ఓ 400 అయితే 1/400 సెకను. దాన్నే ఎఫ్ 8కి మార్చుకుంటే 1/1600. తెల్ల పిట్టకు ఇంకో స్టాప్ తగ్గించి 1/3200. పొద్దున్నే లేత ఎండలో వెలుగు ఇంత ఉండదు, తగినట్టు ఐఎస్ఓ పెంచుకోండి.

ఒక ఫోటో తీయగానే హిస్టోగ్రామ్ చూడండి, ఫోటోలో ఎడమన చీకటి నుంచి కుడిన తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్ అది. కుడి గోడకు గుద్దుకుని ఆగిపోతే తెలుపు కాలిపోయినట్టే. కెమెరాలో హైలైట్ హెచ్చరిక ఉంటే ఆన్ చేసుకోండి, కాలిన చోట్లు మిణుకుమిణుకుమంటాయి. నీడలో ఉన్న వివరాన్ని తర్వాత కొంత లాగవచ్చు, కాలిపోయిన తెలుపును ఎవరూ వెనక్కి తేలేరు. ఐఎస్ఓ పెరిగితే మచ్చలు వస్తాయని భయపడి షట్టర్ వేగం తగ్గించే వారిని చాలామందిని చూశాను. మచ్చలున్న స్పష్టమైన ఫోటోను బాగుచేయవచ్చు, కదిలిపోయిన ఫోటోను బాగుచేయలేం. కూర్చున్న పిట్టకు 1/500, ఎగిరే పెద్ద పిట్టకు 1/2000, రెక్కలు వేగంగా కొట్టే చిన్నవాటికి 1/3200 కన్నా తగ్గనివ్వకండి.

కన్ను

ఫోటోలో ఒక్క చోటే స్పష్టంగా ఉండే వీలుంటే అది కన్నే కావాలి. 500 మి.మీ. లెన్స్‌తో, ఎఫ్ 5.6 దగ్గర, 8 మీటర్లలో ఉన్న పిట్టను తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 8, 9 సెంటీమీటర్లు మాత్రమే. ఫోకస్ ముందున్న రెక్క మీద పడిందంటే కన్ను మసకబారే అవకాశం ఉంది. కంటిని గుర్తించే ఆటోఫోకస్ ఉంటే వాడండి, లేకపోతే ఒక్క పాయింట్ పెట్టుకుని దాన్ని కంటి మీదే ఉంచండి.

స్పష్టత ఒక్కటే చాలదు. కంట్లో వెలుగు చుక్క ఉండాలి. నల్లటి కన్నున్న పిట్టకు ఆ చుక్క లేకపోతే కన్ను గుంటలా కనిపిస్తుంది, ప్రాణం లేనట్టుంటుంది. ఎండ మీ వెనక ఉండి, పిట్ట తల మీ వైపు కాస్త తిరిగితే చుక్క దానంతటదే వస్తుంది. ఈ ‘కాస్త’ చాలా ముఖ్యం. సరిగ్గా పక్కకు చూస్తున్న పిట్ట ఫోటో ఫరవాలేదు, మీ వైపు నాలుగైదు డిగ్రీలు తిరిగితే అది మనతో మాట్లాడుతున్నట్టుంటుంది, అటువైపు నాలుగైదు డిగ్రీలు తిరిగితే మనల్ని వదిలేసినట్టుంటుంది. కాబట్టి పిట్ట కూర్చోగానే బటన్ నొక్కిపట్టి వందల ఫోటోలు తీయకుండా తల తిరిగే క్షణం కోసం చూడండి, తిరగగానే నాలుగైదు వరుసగా తీయండి. వరుసగా ఎందుకంటే పిట్టలకు మూడో రెప్ప ఉంటుంది. పలుచని ఆ పొర అడ్డంగా కన్నును కప్పి పోతూ ఉంటుంది, ఆ క్షణంలో తీసిన ఫోటోలో కన్ను పాలిపోయి కనిపిస్తుంది.

ఫ్రేమ్‌లో పిట్ట ఎక్కడ ఉండాలి

చూస్తున్న వైపు ఎక్కువ చోటు వదలండి. కుడికి చూస్తుంటే పిట్ట ఎడమ వైపు ఉండాలి. ఫ్రేమ్‌ను మూడు భాగాలు చేసి గీతలు కలిసే చోట కన్ను పెట్టమనే నియమం మొదట్లో పనికొస్తుంది. అయితే పిట్ట సూటిగా మీ కళ్లలోకే చూస్తుంటే, లేదా నీళ్లలో దాని నీడ సరిగ్గా కింద కనిపిస్తుంటే నడిమధ్యనే పెట్టండి. నీడ తీస్తున్నప్పుడు దాన్ని పూర్తిగా తీయండి, మెడ దగ్గర తెగిన నీడ పొరపాటులా కనిపిస్తుంది. తోక కొస, కాలి వేళ్లు కూడా అంతే. అంచుకు తగిలీ తగలకుండా తెగకూడదు. ఉంచితే పూర్తిగా ఉంచండి, కోస్తే తల, మెడ మాత్రమే ఉండేలా గట్టిగా కోయండి.

పిట్ట ఫ్రేమ్‌లో పదో వంతు మాత్రమే ఉన్న ఫోటోలు తీయడం అలవాటు చేసుకోండి. మంచులో తేలుతున్న చెరువు, దాని మధ్య ఒంటరి బాతు. గడ్డి గింజలు మెరుస్తున్న మైదానం, ఒక గడ్డిపోచ మీద ఊగుతున్న పిచ్చుక. ఇలాంటివి తీయాలంటే పిట్ట ఆకారం చిన్నదైనా తేటగా గుర్తుపట్టేలా ఉండాలి, చుట్టూ ఉన్నది దాని బతుకు చెప్పాలి. నా దృష్టిలో ఈకలు లెక్కపెట్టగల ఫోటో కన్నా ఇది కష్టమైన పని, ఎక్కువ కాలం గుర్తుండే పని కూడా.

ఎగిరేటప్పుడు

జూమ్ కొంచెం వెనక్కి తీసి, చుట్టూ చోటు వదిలి తీయండి, రెక్క కొసలు తెగకుండా ఉండటానికి అదే మార్గం. రెక్కలు పూర్తిగా పైకి లేచినప్పుడు గానీ పూర్తిగా కిందికి వాలినప్పుడు గానీ ఆకారం అందంగా ఉంటుంది. మధ్యలో ఒక గీతలా కనిపించి ముఖాన్ని దాచేస్తాయి. రెక్క కింది భాగం మీద వెలుగు పడేది సూర్యుడు కిందుగా ఉన్నప్పుడే. మిగతా వేళల్లో అయితే తెల్లని ఇసుకో, నీళ్లో కింద నుంచి వెలుగును వెనక్కి కొట్టాలి. గుంపును నల్లటి ఆకారాలుగా తీస్తుంటే ఒక పిట్ట మీద ఇంకో పిట్ట పడకుండా విడివిడిగా ఉన్న క్షణం కోసం ఆగండి.

ఎండ వెనక లేనప్పుడు

ఎండను వీపు వెనక పెట్టుకోవడం చేయి తిరిగాక, కావాలనే ఎదురు వెళ్లండి. ఎదురు ఎండలో ఈకల అంచులు వెలుగు దారాల్లా మెరుస్తాయి. కావలసింది ఒక్కటే: పిట్ట వెనక నీడలో ఉన్న చీకటి నేపథ్యం. వెనక కూడా ఎండే ఉంటే అంచు మెరుపు కనిపించదు. మెరిసే అంచు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి, శరీరం నల్లగా పోయినా బాధపడకండి. లెన్స్‌లోకి సూటిగా ఎండ పడకుండా దాని ముందు తొడిగే హుడ్ తప్పనిసరి. బాగా చలిగా ఉన్న ఉదయం కూసే పిట్ట నోటి నుంచి వచ్చే ఆవిరి కూడా ఈ వెలుగులోనే కనిపిస్తుంది. పక్క నుంచి వచ్చే ఎండ ఈకల మీది గరుకుదనాన్ని బాగా చూపిస్తుంది, ముఖ్యంగా గద్దల మీద. అయితే తల ఎండ వైపు తిరిగి ఉన్నప్పుడే తీయాలి, లేకపోతే ముఖం సగం పోతుంది.

మబ్బు రోజును చెడ్డరోజు అనుకోకండి. ఆకాశమంతా ఒక పెద్ద మెత్తని దీపమైపోతుంది, నీడలు గట్టిగా పడవు, తెలుపూ నలుపూ రెండూ ఉన్న పిట్టలకు ఇంతకన్నా మంచి వెలుగు లేదు. ఆకాశాన్ని మాత్రం ఫ్రేమ్‌లోకి రానివ్వకండి. తేనెపిట్టల వంటి వాటి సంగతి వేరు. వాటి గొంతు మీది మెరుపు రంగు ఈక నిర్మాణం నుంచి వస్తుంది, వెలుగు సరైన కోణంలో తగిలి మీ వైపు తిరిగి వస్తేనే కనిపిస్తుంది, లేకపోతే నల్లగా ఉంటుంది. వాటి కోసం ఎండ రోజు, వీపు వెనక సూర్యుడు, తల తిరిగే క్షణం మూడూ కలవాలి.

ఎండ ముదిరాక దూరంగా ఉన్న పిట్టలు మెత్తగా, కరిగినట్టు వస్తుంటే లెన్స్‌ను తప్పు పట్టకండి. వేడెక్కిన నేల మీది గాలి కదలిక అది, ఏ సెట్టింగూ దాన్ని ఆపదు. దగ్గరగా ఉన్నవాటిని తీయండి, లేదంటే కెమెరా మూసేసి సాయంత్రం రండి.

ఇంటికి వచ్చాక

ముందు కన్ను చూసి ఏరండి, స్పష్టంగా లేనివి తీసేయండి. క్రాప్ చేసేటప్పుడు లెక్క గుర్తుంచుకోండి. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను పొడవూ వెడల్పూ సగానికి కోస్తే మిగిలేది 6 మాత్రమే. నీడలు కొంచెం ఎత్తండి, కంటిని కొంచెం వెలిగించండి, అంతటితో ఆపండి. లేని ఎండను కంప్యూటర్‌లో పుట్టించబోతే ఈకల రంగు అబద్ధమైపోతుంది.

తర్వాత అన్నిటికన్నా నచ్చిన ఫోటో ఒక్కటి తెరిచి, అది తీసిన సమయం చూడండి. ఆ వేళ ఎండ ఎటు నుంచి ఉంది, గాలి ఎటు వీస్తోంది, మీరు ఎక్కడ పడుకుని ఉన్నారు, పిట్ట ఏ కొమ్మ మీదికి లేదా ఏ గట్టు వెంబడి వచ్చింది, ఒక నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసుకోండి. పిట్టలకు అలవాట్లు బలంగా ఉంటాయి. రేపు అదే చోటుకు పదిహేను నిమిషాలు ముందు వెళ్లండి.